లినక్స్ బూట్‌కి ఏ పార్టిషన్ చూపించాలి?

చి. సింధుకు,

ఆశీస్సులు. లాప్‌టాప్‌లో విండోస్ ఉంచుకుంటూనే లినక్స్ వేసుకుంటానన్నావు, మంచిది. డిస్క్‌ని భాగాలుగా విడదీసే పార్టిషన్ల పేజీ దగ్గర మాత్రం తొందరపడకమ్మా.

ముందుగా విండోస్‌లో బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) రికవరీ కీ రాసి పెట్టుకో, ఫాస్ట్ స్టార్టప్ ఆపెయ్యి, సీ డ్రైవ్‌ని అక్కడి డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే తగ్గించి ఖాళీ తియ్యి. తర్వాత పెన్‌డ్రైవ్‌తో లినక్స్ తెరిచి, సిస్ ఫోల్డర్‌లోని ఫర్మ్‌వేర్‌లో ఈఎఫ్ఐ అనే ఫోల్డర్ (/sys/firmware/efi) ఉందేమో చూడు. లేకపోతే పెన్‌డ్రైవ్ యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలో కాక, పాత బయాస్ పద్ధతిలో లేచిందన్నమాట. అలాగే ముందుకెళ్తే, ఏ సిస్టమ్ తెరవాలో అడిగే గ్రబ్ మెనూ నుంచి విండోస్ తెరుచుకోదు. రీస్టార్ట్ చేసి, బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ పేరు ముందు యూఈఎఫ్ఐ అని ఉన్న వరస ఎంచుకో.

ఇక అసలు సంగతి. డిస్క్ మొదట్లో ఫ్యాట్32లో ఒక చిన్న పార్టిషన్ కనిపిస్తుంది, తరచుగా 100 ఎంబీ, కొన్నింట్లో 260. ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ అంటే అదే. విండోస్‌ని లేపే బూట్‌లోడర్ ఉండేది అందులోనే. దాన్నే ఎంచుకుని 'బూట్/ఈఎఫ్ఐ' (/boot/efi) దగ్గర మౌంట్ చెయ్యమను, అంటే ఆ చోటికి జత చెయ్యమను. ఫార్మాట్ అన్న గడిలో టిక్కు ఉంటే తప్పకుండా తీసెయ్యి. అది ఉండిపోతే విండోస్ లేవదు. రూట్‌ని, అంటే లినక్స్ ఉండే ప్రధాన పార్టిషన్‌ని, ఖాళీ తీసిన చోట ఎక్స్‌ట్4 ఫార్మాట్‌లో పెట్టు.

గ్రబ్ అయితే ఈ 100 ఎంబీ చాలు, ఎందుకంటే లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్ రూట్ పార్టిషన్‌లోనే ఉంటుంది. సిస్టమ్‌డీ-బూట్ అనే మరో బూట్‌లోడర్ మాత్రం కెర్నల్‌నీ దానికి తోడుగా ఉండే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌నీ ఆ ఫ్యాట్ పార్టిషన్‌లోనే పెట్టుకుంటుంది. ఒక్కో జత పదుల ఎంబీలు తింటుంది కాబట్టి రెండు మూడు కెర్నళ్లు చేరేసరికి చోటు నిండి, అప్‌డేట్ మధ్యలోనే ఆగిపోతుంది. నీకు గ్రబ్బే మేలు. రూట్‌ని లక్స్2 అనే లినక్స్ డిస్క్ తాళంతో ఎన్‌క్రిప్ట్ చేస్తేనే 1 జీబీతో వేరే బూట్ (/boot) పార్టిషన్ పెట్టు. లక్స్2 మామూలుగా వాడే ఆర్గాన్2 అనే పాస్‌వర్డ్ పద్ధతిని చాలా గ్రబ్ వెర్షన్లు చదవలేవు. ఎన్‌క్రిప్షన్ లేకపోతే ఆ పార్టిషన్ అక్కర్లేదు.

లినక్స్‌ని రెండో డిస్క్‌లో వేస్తే, ఆ డిస్క్‌లోనే 512 ఎంబీతో సొంత ఈఎఫ్ఐ పార్టిషన్ చెయ్యి. రేపు ఒక డిస్క్ పీకేసినా రెండోది లేస్తుంది. ఇన్‌స్టాలర్లు ఒక్కోసారి మొదటి డిస్క్‌లోనే బూట్‌లోడర్ పెట్టేస్తాయి, అందుకే ఆ పూటకి మొదటి డిస్క్ ఊడదీసి ఉంచడం క్షేమం.

మీ నాన్న పాత డెస్క్‌టాప్ బయాస్‌ది. దాంట్లో జీపీటీ (కొత్త తరహా పార్టిషన్ పట్టిక) డిస్క్ పెడితే గ్రబ్ కోసం 1 ఎంబీ 'బయాస్ బూట్' పార్టిషన్ కావాలి, ఫైల్‌సిస్టమ్ ఏమీ వెయ్యకుండా. అది లేకపోతే గ్రబ్ ఎక్కదు.

అంతా అయ్యాక కూడా నేరుగా విండోసే తెరుచుకుంటే మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యకు. ఫర్మ్‌వేర్ సెటప్‌లో బూట్ వరస మార్చి లినక్స్ పేరు పైకి తెచ్చుకో.

నీ బాబాయి