కార్డు పేరు డేటాబేస్‌కు చెప్పకు అల్లుడా

అల్లుడా, నువ్వు పంపిన కోడ్ రాత్రి కూసోని మొత్తం సదివిన. జీపీయూ, అంటే గ్రాఫిక్స్ కార్డు మీద ఫిల్టర్ మంచిగనే నడిపిచ్చినవ్ గానీ, డేటాబేస్‌ల క్వెరీ నడిపే ఎగ్జిక్యూటర్ల కార్డు ఉంటే ఇటు లేకుంటే అటు అని పదకొండు కాడ ఇఫ్‌లు పెట్టినవ్ సూడు, గదే నచ్చలె. నేను గూడ ఒకప్పుడు గట్లనే రాసిన, ఏడాదికి కార్డు మారింది, మూడు నెలలు అన్నీ పీకుడే అయింది.

డేటాబేస్‌కు కార్డు పేరెందుకు? ఈ దారిల పోతే ఎంత ఖర్చయితది, అడిగినప్పుడు తర్వాతి రో ఇస్తవా, దానికి గంతే గావాలె. పోస్ట్‌గ్రెస్‌ల 9.5 కెల్లి, అంటే 2016 కెల్లి, కస్టమ్ స్కాన్, అంటే టేబుల్ సదివే మన సొంత పద్ధతి కలుపుకునే సౌలత్, ఉన్నది గిందుకే. ఏ దారిల పోతే ఖర్చు తక్కువని ఎంచే ప్లానర్ టేబుల్‌కు దారులు ఎతికేటప్పుడు హుక్‌ల, అంటే మన కోడ్ తగిలిచ్చే కాడ, నీదొకటి కలుపు, టేబుల్ మొత్తం సదివే సీక్వెన్షియల్ స్కాన్, ఇండెక్స్ పట్టుకొని ఎతికే ఇండెక్స్ స్కాన్ తోటి అది గూడ పోటీ పడ్తది, ఓడిపోతే ఓడిపోనీ. పోస్ట్‌గ్రెస్‌కు జీపీయూ తగిలిచ్చే పీజీ-స్ట్రామ్ ఎక్స్‌టెన్షన్ గిట్లనే నడుస్తది. బయటి డేటాను టేబుల్ లెక్క సూపే ఫారిన్ డేటా ర్యాపర్ ఎందుకు వాడొద్దంటవా, టేబుల్ మనింట్లనే ఉన్నప్పుడు దాన్ని పరాయిదని రాసుడెందుకు?

అసలు తిప్పలు ఖర్చు కాడ. రెండు బస్తాల వడ్లకు ట్రాక్టర్ కట్టుకొని మిర్యాలగూడ మిల్లుకు పోతమా, డీజిల్ పైసలు గూడ ఎల్లవ్. 400 రోస్ ఉన్న టేబుల్‌ను కార్డుకు పంపుడు గూడ గంతే, కార్డుకు డేటా పోయే తొవ్వ పీసీఐ మీద పోవుడు రావుడుకే టైమ్ సరిపోతది. గా ఖర్చు స్టార్టప్ కాస్ట్‌ల, అంటే మొదటి రో రాకముందే అయ్యే ఖర్చుల, పెట్టు. నీ కోడ్‌ల స్టార్టప్ సున్నా పెట్టి మొత్తం టోటల్ కాస్ట్‌ల కలిపినవ్. గట్లయితే లిమిట్ 10 అని క్వెరీ వచ్చినప్పుడు ప్లానర్ పది రోస్‌కు కొంచెమే అయితది గదా అనుకొని నీ దారే పడ్తది, నువ్వేమో గింత పెద్ద టేబుల్‌ను కార్డుకు ఎక్కిస్తుంటవ్. నిన్నటి నీ స్లో క్వెరీ గిదే అని నా అనుమానం.

కార్డుకు రాని కండిషన్లు, కొలేషన్ (భాషను బట్టి అక్షరాల వరుస) తోటి టెక్స్ట్ పోల్చుడు అసొంటియి, సీపీయూకే ఇడిసిపెట్టు, సిగ్గేం లేదు. ఇంకోటి, డిలీటైన రో కార్డు కెల్లి బయటికి రావద్దు. ఈ క్వెరీకి ఆ రో కనపడాల్నా వద్దా అని సూసే విజిబిలిటీ చెక్ ఎక్కడ చేస్తున్నవో నాకైతే కనపడలె.

క్వెరీ నడిపి ఏ దారిల పోయింది, ఎంత టైమ్ అయిందో సూపే ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ కార్డు తోటి ఒకటి, కార్డు లేకుంట ఒకటి తీసి పంపు. ఆదివారం నల్లగొండకు వస్తే లాప్‌టాప్ తెచ్చుకో, మీ అత్త మక్క గారెలు చేస్తనంటుంది.

మీ మామ