ఉపాధ్యాయుడిని డిస్మిస్ చేస్తే ఇక ఎక్కడా పాఠం చెప్పకూడదా?

హైదరాబాద్‌లోని ఒక ప్రభుత్వ ఉపాధ్యాయుడు విద్యార్థిని కొట్టాడన్న అభియోగంపై సస్పెండ్ అయితే ఉద్యోగం పోయినట్టేనా, పోతే వృత్తికే దూరమైనట్టా అన్నది ప్రశ్న. రెండింటికీ కాదనే సమాధానం.

సస్పెన్షన్ శిక్ష కాదు; ఆ కాలంలో జీవనభృతి చెల్లిస్తారు. విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అయినా కఠిన శిక్ష వేయాలంటే, 1991 నాటి సీసీఏ నిబంధనల (ప్రభుత్వ ఉద్యోగుల క్రమశిక్షణ నిబంధనలు) ప్రకారం అభియోగపత్రం ఇచ్చి, లిఖితపూర్వక వివరణ తీసుకుని, సాక్షులను ప్రశ్నించే అవకాశం కల్పించాలి. క్రిమినల్ కేసులో దోషిగా తేలినప్పుడు మాత్రం ఈ విచారణ తప్పనిసరి కాదు. విచారణాధికారి నివేదిక ప్రతిని శిక్షకు ముందే ఉద్యోగికి ఇవ్వాలని సుప్రీంకోర్టు 1993లో తేల్చింది. ఆ వ్యాజ్యం మన హైదరాబాద్‌లోని ప్రభుత్వరంగ సంస్థ ఈసీఐఎల్‌ది కావడం విశేషం.

ఇక నిషేధం సంగతి. ఉద్యోగం పోయే శిక్షలు రెండు: రిమూవల్, డిస్మిసల్. రిమూవల్ అయితే మళ్లీ ప్రభుత్వ ఉద్యోగానికి అనర్హత ఉండదు, డిస్మిసల్ అయితే సాధారణంగా ఉంటుంది. అంతమాత్రాన బీఈడీ పట్టా రద్దు కాదు. ఇంగ్లండ్‌లో మాదిరిగా బోధన నుంచే నిషేధించి, ఆ పేర్లను జాబితాకెక్కించే ఏర్పాటు ఇక్కడ లేదు. న్యాయవాదుల పేర్లు నమోదు చేసి, తప్పు చేస్తే తొలగించే బార్ కౌన్సిల్ లాంటి సంస్థ ఉపాధ్యాయులకు లేదు. అందువల్ల డిస్మిస్ అయిన వ్యక్తి మరో ప్రైవేటు పాఠశాలలో చేరకుండా ఆపడం, చాలావరకు, ఆ యాజమాన్యం పాత సర్వీసు వివరాలను అడిగి చూడడంపైనే ఆధారపడుతుంది. నా దృష్టిలో ఇది చిన్న లోపం కాదు.