పాత వర్క్‌స్టేషన్‌లో కార్డు మొండికేస్తే

చిరంజీవి అమ్మడుకి,

నీ మెయిల్ చదివాను. సర్వర్‌లోంచి తీసిన డిస్క్ కంట్రోలర్ కార్డు (హార్డ్ డిస్కుల్ని మెషీన్‌కి కలిపేది) పెట్టగానే నీ పాత వర్క్‌స్టేషన్ స్క్రీన్ నల్లగా ఉండిపోతోంది, తీసేస్తే మామూలుగా బూట్ అవుతోంది అని రాశావు. కార్డు పోయిందని అప్పుడే తేల్చేయకు. పాత మెషీన్లలో కార్డు చెడిపోవడం కన్నా కార్డుకీ బోర్డుకీ పొసగకపోవడమే నేను ఎక్కువగా చూశాను. పని ఏ దశలో ఆగిపోయిందో ముందు కనిపెట్టాలి. కార్డుకి కరెంటు అందిందా? బోర్డు దాన్ని గుర్తుపట్టిందా? బయోస్, అంటే మెషీన్ ఆన్ కాగానే మొదట నడిచే బోర్డు సొంత ప్రోగ్రాము, దానికి చోటు ఇచ్చిందా? ఆపరేటింగ్ సిస్టమ్ చేత కార్డుని నడిపించే ప్రోగ్రాము, అదే డ్రైవర్, దాని సంగతి ఇవన్నీ అయ్యాకే. చాలామంది ముందే డ్రైవర్ల వేటలో పడతారు. స్క్రీనే రాని మెషీన్‌కి డ్రైవర్ ఏం చేస్తుంది?

మెషీన్ ఆపాక పవర్ కేబుల్ పీకేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకో. కేబుల్ ఉన్నంతసేపూ బోర్డులో స్టాండ్‌బై కరెంటు ఉంటుంది, అలాంటప్పుడు కార్డు పీకడం, పెట్టడం చేయొద్దు. కార్డు బంగారు రంగు అంచుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక పెట్టు. ఇక్కడ ఒకటి గమనించు. కార్డు పూర్తిగా దిగిందనుకుని, దాని కొసనున్న బ్రాకెట్ (లోహపు పట్టీ) స్క్రూ బిగిస్తాం. బ్రాకెట్ కాస్త వంకరగా ఉంటే, స్క్రూ బిగుస్తున్న కొద్దీ కార్డు రెండో చివర స్లాట్‌లోంచి వెంట్రుకవాసి పైకి లేస్తుంది. అందుకే స్క్రూ బిగించాక కార్డుని పక్క నుంచి టార్చ్ వేసి చూడు. అంచు ఈ కొస నుంచి ఆ కొస వరకూ ఒకే ఎత్తులో ఉండాలి.

తర్వాత స్లాట్. పొడవు చూసి మోసపోకు. చూడ్డానికి ఎక్స్16 స్లాట్ (అంటే 16 లేన్లు, డేటా నడిచే దారులు, ఉన్నది) అయినా, లోపల వైరింగ్ ఎక్స్8కో ఎక్స్4కో మాత్రమే ఉండొచ్చు. ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఏ స్లాట్ ఎన్ని లేన్లదో ఉంటుంది. నీది రెండు ప్రాసెసర్ల బోర్డు కదా, రెండో సాకెట్ ఖాళీగా ఉంటే కొన్ని స్లాట్లు అసలు పని చేయవు. అవి ఆ రెండో ప్రాసెసర్‌కే కలిపి ఉంటాయి. ఈ ఒక్క సంగతి తెలియక మంచి కార్డుల్ని పారేసినవాళ్లున్నారు.

వేగం గురించి మరీ బెంగపడకు. ఈ స్లాట్ల పద్ధతి పేరు పిసిఐ ఎక్స్‌ప్రెస్. దాని మొదటి తరం 2003లో, రెండోది 2007లో, మూడోది 2010లో వచ్చాయి. ఒక్కో లేన్‌కి సెకనుకి సుమారు 250, 500, 985 మెగాబైట్లు. కొత్త కార్డు పాత స్లాట్‌లో తక్కువ వేగానికి సర్దుకోవాలి, సాధారణంగా సర్దుకుంటుంది కూడా. రెండో తరం ఎక్స్4 స్లాట్ అయినా సెకనుకి 2 గిగాబైట్ల దాకా ఇస్తుంది, నాలుగైదు హార్డ్ డిస్కులకి అది చాలు. ఒక్కోసారి వేగం మీద కార్డూ బోర్డూ ఒక ఒప్పందానికి రాలేక లింకే కుదరదు. బయోస్‌లో ఆ స్లాట్ వేగాన్ని ఆటో నుంచి జెన్2కో జెన్1కో (రెండో తరం, మొదటి తరం వేగాలకి) దించి చూడు.

నీ కార్డు విషయంలో నా అనుమానం వేరే. సర్వర్ కార్డు అంటున్నావు, స్క్రీన్ మొదట్లోనే ఆగిపోతోంది అంటున్నావు. అది ఎస్ఎంబస్ గొడవలా ఉంది. స్లాట్‌లో డేటా లేన్లతో పాటు ఎస్ఎంబస్ అనే చిన్న నిదానపు లైను కూడా ఉంటుంది. ర్యామ్ స్టిక్ వివరాలు చదవడానికి బోర్డు వాడేది కూడా ఈ రకం బస్సే. కొన్ని సర్వర్ కార్డులు ఆ లైనులో అడ్డుపడతాయి. దాంతో బోర్డుకి మెమరీ సంగతి తేలక, అక్కడే నిలబడిపోతుంది. దీనికి విరుగుడు టేపు ముక్క. కార్డుని చిప్పులు కనిపించే వైపు నీకేసి తిప్పి పట్టుకో. బ్రాకెట్ ఉన్న కొస నుంచి లెక్కపెడితే 5, 6 పిన్నులు ఆ లైనువి, వీటినే బీ5, బీ6 అంటారు. పిన్నుల మధ్య దూరం 1 మిల్లీమీటరే, కాబట్టి 2 మిల్లీమీటర్ల వెడల్పు పల్చటి కాప్టన్ టేపు (కరెంటు పారనివ్వని రకం) ముక్క ఆ రెంటి మీద మాత్రమే అంటించు. 4, 7 గ్రౌండ్ పిన్నులు, వాటి మీదకి పాకకూడదు. కార్డు దించేటప్పుడు టేపు ముడతపడి పైకి జరుగుతుంది, అంచుకి సరిగ్గా చుట్టి వేలిగోటితో బాగా నొక్కు. డేటాకి ఈ పిన్నులతో పనిలేదు, కాబట్టి డిస్కులు మామూలుగానే నడుస్తాయి.

దాంతోనూ స్క్రీన్ రాకపోతే, లేదా వచ్చి లోగో దగ్గరే ఆగితే, ఆప్షన్ రామ్, అంటే కార్డులో ఉండే సొంత బూట్ ప్రోగ్రాము (ర్యామ్ కాదు, ROM), వైపు చూడాలి. పాత బయోస్ పద్ధతిలో కార్డుల సొంత బూట్ ప్రోగ్రాములన్నిటికీ కలిపి ఉండే చోటు దాదాపు 128 కిలోబైట్లే. గ్రాఫిక్స్ కార్డు అందులో పెద్ద ముక్క తీసేసుకుంటుంది, మిగిలింది నెట్‌వర్క్ బూట్, డిస్క్ కంట్రోలర్ పంచుకోవాలి. బయోస్‌లో నెట్‌వర్క్ బూట్ ఆపేయి. నువ్వు ఈ కార్డు మీది డిస్కుల నుంచి బూట్ చేయబోవడం లేదు కాబట్టి ఆ స్లాట్ ఆప్షన్ రామ్ కూడా ఆపేయొచ్చు, ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చాక డ్రైవర్ చూసుకుంటుంది. ఏదైనా మార్చే ముందు బయోస్ పేజీలన్నీ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకో. పైగా ఆ వయసు బోర్డులో బయోస్ సెట్టింగుల్ని నిలిపి ఉంచే సీఆర్2032 బ్యాటరీ ఎప్పుడో అరిగిపోయి ఉంటుంది, అది మార్చకపోతే ఇవాళ మార్చిన సెట్టింగు కేబుల్ పీకగానే పోతుంది.

ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (పిసిఐ ఎక్స్‌ప్రెస్ మీద నడిచే వేగమైన చిప్ డిస్క్) కార్డు కూడా పెడదామనుకుంటున్నానన్నావు. పాత బయోస్‌లో అది డిస్కుగా వాడుకోవడానికి పనికొస్తుంది గానీ దాని నుంచి బూట్ కాకపోవచ్చు. ఒకే కార్డులో రెండు ఎస్ఎస్‌డీలు పెట్టేది కొనకు. వాటిలో చవకరకం వాటికి స్లాట్‌ని రెండుగా విడదీసే బైఫర్కేషన్ బోర్డులో ఉండాలి, పాతవాటిలో చాలావరకు ఉండదు. రెండింట్లో ఒక్కటే కనిపిస్తుంది.

గ్రాఫిక్స్ కార్డు మార్చాలనిపిస్తే మాత్రం పవర్ సప్లై ముందు చూడు. పిసిఐ ఎక్స్‌ప్రెస్ లెక్క ప్రకారం గ్రాఫిక్స్ కార్డు స్లాట్ నుంచి తీసుకోగలిగేది గరిష్ఠంగా 75 వాట్లు, 6 పిన్నుల కనెక్టర్ నుంచి ఇంకో 75, 8 పిన్నులదైతే 150. పెద్ద కంపెనీల పాత వర్క్‌స్టేషన్లలో కనెక్టర్ ఆకారం ఒకటే ఉన్నా లోపలి వైర్ల వరుస వేరేగా ఉండొచ్చు. సరిపోయింది కదా అని గుచ్చేయకు, మాన్యువల్ చూడందే ముట్టుకోకు.

సిస్టమ్ పైకి లేచాక లినక్స్‌లో కార్డుల జాబితా చూపించే ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌ని సూడోతో (అడ్మిన్ అధికారంతో), వివరంగా చూపించే ఆప్షన్ పెట్టి నడిపి, కార్డు లింక్ సామర్థ్యం, ప్రస్తుత లింక్ స్థితి రెండూ పోల్చు. ఎక్స్8 స్లాట్‌లో ఎక్స్1 అని కనిపిస్తే కార్డు సరిగ్గా కూర్చోలేదు లేదా పిన్ను మురికిగా ఉంది. విండోస్ అయితే డివైస్ మేనేజర్‌లో కోడ్ 12 వచ్చిందంటే కార్డుకి సరిపడా వనరులు దొరకలేదని. బయోస్‌లో ఎబవ్ 4జీ డీకోడింగ్ (కార్డులకి 4 గిగాబైట్లకి పైన ఉన్న అడ్రస్ చోటు కూడా ఇచ్చే సెట్టింగు) ఉంటే ఆన్ చెయ్, లేకపోతే వాడని ఆన్‌బోర్డ్ పరికరాలు ఆపి చూడు. కోడ్ 10 అంటే పరికరం మొదలవలేదు, అక్కడ డ్రైవర్ల వేట సబబే.

ఒకసారికి ఒకటే మార్చు, మార్చింది కాగితం మీద రాసుకో. అన్నీ చేశాకా పలక్కపోతే అదే కార్డుని మరో మెషీన్‌లో పెట్టి చూడు. అక్కడ నడిస్తే కార్డు మంచిదే, ఈ బోర్డుకి పొసగడం లేదంతే. నడవకపోతే వాపసు ఇచ్చేయ్. టేపు వేశాక ఏమైందో, బీప్‌లు వస్తే ఎన్ని వస్తున్నాయో, బోర్డు మోడల్ నంబరుతో సహా నాకు రాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న