బడిలో సూది రోజు: మేనకోడలికి ఉత్తరం

చి. మేనకోడలికి,

అత్త ఆశీస్సులు. మీ హైస్కూల్లో టీడీ సూదుల బాధ్యత నీ మీద పెట్టారనీ, పదో తరగతిలో చాలా ఇళ్ళవాళ్ళు వద్దంటున్నారనీ రాశావు. "వాళ్ళకి అవగాహన లేదత్తా" అని కూడా రాశావు. ఆ మాట పక్కన పెట్టి మొదలుపెట్టు. వద్దనే ప్రతి ఇంట్లో ఒక ప్రశ్న ఉంటుంది. ఆ ఇంట్లో ఖాయం చేసే మనిషి ఒకరుంటారు. ఆ రెండూ తెలుసుకోకుండా మైకు పెట్టి ఎంత చెప్పినా గోదాట్లో కలిసిపోతుంది.

ముందు నీకు విషయం కచ్చితంగా తెలియాలి. టీడీ అంటే ధనుర్వాతానికీ, కంఠసర్పికీ (డిఫ్తీరియా) కలిపి ఒకే సూది. 2019 నుంచి పాత టీటీ బదులు ఇదే వేస్తున్నారు. పదేళ్ళకి ఒకటి, పదహారేళ్ళకి ఒకటి, అంటే బళ్ళో లెక్కన ఐదో తరగతి, పదో తరగతి. ఐదారేళ్ళ పిల్లలకి డీపీటీ (ఈ రెండిటితో పాటు కోరింత దగ్గుకి కూడా) బూస్టరు, అంటే బలం నిలబెట్టే మరో డోసు. "చిన్నప్పుడు అన్నీ వేయించాం కదండీ, మళ్ళీ ఎందుకు?" అని తప్పకుండా అడుగుతారు. నెలన్నరకి, రెండున్నర నెలలకి, మూడున్నర నెలలకి వేసిన సూదులు, ఏడాదిన్నరకి వేసిన బూస్టరు ఇచ్చిన బలం ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గుతుంది. అందుకే ఇప్పుడు కంఠసర్పి పసిపిల్లలకంటే బడి వయసు పిల్లల్లో ఎక్కువ కనబడుతోంది. ఇక ధనుర్వాతం మట్టిలోంచి వచ్చేది, ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదు. పక్కింటి పిల్లలందరూ వేయించుకున్నా వేయించుకోని పిల్లాడికి ఆ రక్షణ రాదు. చెరువు గట్టు మీద ఆల్చిప్ప కోసుకున్నా, దమ్ములో మేకు గుచ్చుకున్నా వాడి ఒంట్లో ఉన్నదే వాడిని కాపాడాలి. మన వైపు ఈ ఒక్క మాట చాలామందికి పని చేస్తుంది.

రెండు వారాల ముందే హాజరు పట్టీ పక్కన పెట్టుకుని ఒక నోటు పుస్తకంలో గళ్ళు గీసుకో: పిల్ల పేరు, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది, ఏమని వద్దంటున్నారు, ఎప్పుడు దొరుకుతారు. మూడో గడిలో వాళ్ళన్న మాటే రాసుకో. "భయం" అని రాస్తే నీకేం తెలియదు. "పెద్దదానికి సూది వేస్తే మూడు రోజులు చెయ్యెత్తలేదు" అని ఉంటే ఏం చెప్పాలో తెలుస్తుంది. ఈ పుస్తకం నువ్వూ, ఏఎన్ఎమ్మూ, ఆశా అమ్మాయీ తప్ప ఇంకెవరూ చూడకూడదు. వద్దన్నవాళ్ళ పేర్లు వాట్సాప్ గ్రూపులో పెట్టారంటే, ఆ ఇళ్ళు మళ్ళీ తలుపు తియ్యవు.

ఎవరి మాట చెల్లుతుందన్నది మన డెల్టాలో తేలిక లెక్క కాదు. తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటుంది, పిల్ల అమ్మమ్మ దగ్గర పెరుగుతుంది. అమ్మమ్మ "దానమ్మ చెబితేనే" అంటుంది. ఇందులో మొండితనమేమీ లేదు, కూతురి బిడ్డకి ఏదైనా అయితే తనే జవాబు చెప్పుకోవాలి. కాబట్టి ఆ తల్లితోనే మాట్లాడు. కువైట్ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక, మస్కట్, దుబాయ్ అయితే గంటన్నర. ఇళ్ళల్లో పని చేసేవాళ్ళ చేతికి ఫోను రాత్రి పని ముగిశాకే వస్తుంది. నువ్వు పగలు పదిసార్లు చేసినా ఎత్తరు. నిమిషంలోపు వాయిస్ పెట్టు: నువ్వెవరు, ఏ సూది, ఏ రోజు, ఏమవ్వచ్చు, ప్రశ్నలుంటే ఎప్పుడైనా అడగమని. కాగితం ఫోటో కూడా పంపు. జవాబు మర్నాడు వస్తుంది. వచ్చాక దాన్ని అమ్మమ్మకి వినిపించు, సంతకం ఆవిడ చేత పెట్టించు.

రొయ్యల ప్లాంటుకి వెళ్ళే తల్లుల షిఫ్టు కనుక్కుని వెళ్ళు. నాట్లు, కోతల రోజుల్లో పొద్దున్న ఎవరూ ఉండరు. వేటకెళ్ళే ఊళ్ళలో తండ్రులని పట్టుకోవాలంటే బడి తెరిచిన మొదటి రెండు మూడు రోజులు మంచివి: బడి జూన్ 12న తెరుస్తారు, వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉంటుంది, బోట్లు ఇంకా గట్టునే ఉంటాయి. లంకల నుంచి పడవ మీద వచ్చే పిల్లలుంటే వరద నెలల్లో తేదీ పెట్టనే వద్దు.

అనుమతి కాగితం ఒక్క పేజీ దాటకూడదు, పెద్ద అక్షరాలతో ఉండాలి. సూది పేరు, ఏ జబ్బులకి, తేదీ, ఏఎన్ఎం ఫోను నంబరు, వేశాక ఏమవ్వచ్చు. కింద రెండు గళ్ళు: "సరే", "వద్దు". వద్దు గడి తీసేద్దామని మీ స్టాఫ్‌రూంలో ఎవరో ఒకరంటారు, ఒప్పుకోకు. కాగితం పిల్లల చేతికిచ్చి వదిలేస్తే టిఫిన్ బాక్సు కింద నలిగిపోతుంది. అనుమానం ఉన్న ఇళ్ళకి నువ్వే పట్టుకెళ్ళు.

సంతకం విషయంలో ఎందుకింత పట్టుదలంటే, 2009లో ఉమ్మడి రాష్ట్రంలో ఖమ్మం జిల్లాలో, భద్రాచలంతో సహా మూడు మండలాల్లో, ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ఒక అధ్యయనం కింద వేశారు. హాస్టళ్ళలో చాలా కాగితాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. తర్వాత కొందరు పిల్లలు చనిపోయారు. విచారణ సంఘం ఆ మరణాలకి టీకాతో సంబంధం లేనట్టే తేల్చింది. అయినా 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. ఈ రోజుకీ ఆడపిల్లల టీకా అంటే మన వాళ్ళల్లో కొందరికి గుర్తొచ్చేది అదే. ఎవరైనా ఆ సంగతి ఎత్తితే "అదంతా అబద్ధం" అనకు. జరిగింది జరిగినట్టు చెప్పి, "అందుకేనండీ నేను కాగితం పట్టుకుని మీ ఇంటికొచ్చాను" అను.

ఇంటికెళ్ళినప్పుడు ముందు అడుగు, తర్వాత చెప్పు. "ఈ సూది గురించి మీరేమనుకుంటున్నారండీ?" అని ఊరుకో. కోడలి ముందు అత్తగారి మాట కొట్టెయ్యకు, రేపు ఆ కోడలి మీద పడుతుంది. ఒక్క సందేహం తీరితే చాలు, జబ్బుల పాఠం మొత్తం అప్పజెప్పకు. "తల్లికి వందనం డబ్బు ఆగిపోతుంది", "టీసీ ఇవ్వం" లాంటి బెదిరింపులు ఎవరి నోటా రానివ్వకు. అవి అబద్ధాలు. పైగా బెదిరించి వేశారంటే అందులో ఏదో ఉందనే ఊరంతా అనుకుంటుంది.

ఎక్కువగా వినబడేవి ఇవి. "పిల్లలు పుట్టరంట." టీడీలో ఉన్న ధనుర్వాతం మందు గర్భిణులకే దశాబ్దాలుగా వేస్తున్నారు, తల్లినీ పుట్టబోయే బిడ్డనీ కాపాడటానికి. "మీకూ కడుపుతో ఉన్నప్పుడు వేశారు కదమ్మా, ఆ సూదితోనే కదా ఈ పిల్ల పుట్టింది" అంటే తల్లులు నవ్వేస్తారు. "నెలసరిలో ఉంది." ఉన్నా వెయ్యచ్చు, అడ్డు కాదు. ఈ ప్రశ్న మగ టీచరుని అడగరు, ఆడ టీచరే ముందుగా చెప్పాలి. "జలుబు చేసింది." మామూలు జలుబు, దగ్గు ఉంటే పర్వాలేదు. ఒళ్ళు కాలిపోయే జ్వరముంటే తగ్గాక వేయించాలి. ఇదివరకు ఏదైనా టీకాకి ఒళ్ళంతా దద్దుర్లు లేచి ఊపిరాడని పిల్ల ఉంటే ఆ రోజు బళ్ళో వేయించకు, పీహెచ్‌సీ డాక్టరుగారికి చూపించాలి. "మొన్న కాలికి దెబ్బ తగిలితే ఆర్ఎంపీగారు టీటీ వేశారు." ఆ తేదీ కనుక్కుని ఏఎన్ఎంకి చెప్పు, ఇప్పుడు వెయ్యాలో ఆగాలో డాక్టరుగారు చెబుతారు. టీటీలో కంఠసర్పి మందు లేదని మాత్రం ఇంట్లోవాళ్ళకి తెలియాలి. ఆ ఆర్ఎంపీగారిని కూడా ముందే కలిసి రా. సూది వేసిన రాత్రి జ్వరమొస్తే జనం వెళ్ళేది ఆయన దగ్గరికే, "మామూలేనమ్మా" అని ఆయన అంటే సగం గొడవ అక్కడే ఆగుతుంది.

తట్టు పోస్తే అమ్మవారు వచ్చిందనే ఇళ్ళున్నాయి. వేపాకు, చలివిడి జోలికి పోకు, వాదించకు. ఆ ఇంట్లో యాభై ఐదు, అరవై దాటిన నాన్నమ్మ ఉంటే ఆవిడ జబ్బ మీద చూడు, రూపాయి బిళ్ళంత గుంట మచ్చ ఉండచ్చు. పెద్దమ్మవారు అనే మశూచికి వేసిన టీకా మచ్చ అది. మనవరాలికి చూపించమని అడుగు. మన దేశంలో ఆఖరి మశూచి కేసు 1975లో వచ్చింది, ఆ తర్వాత పుట్టినవాళ్ళెవరికీ ఆ జబ్బు రాలేదు. ఆ మచ్చ ఎలా పడిందో నాన్నమ్మ చెప్పడం మొదలెడితే నువ్వు ఊరుకోవడమే మేలు.

"గవర్నమెంటు మందు, ఊరికే ఇచ్చేది, డేటు అయిపోయిందేమో" అనేవాళ్ళకి మాటలకంటే సీసా చూపించడం నయం. సూది రోజు తల్లిదండ్రుల కమిటీ నుంచి ఇద్దరిని పిలువు. లేబుల్ మీద గడువు తేదీ ఉంటుంది. పక్కనే చిన్న ఊదా రంగు గుండ్రం, దాని మధ్యలో చదరం ఉంటాయి. చదరం చుట్టూ ఉన్న రంగుకంటే తెల్లగా ఉంటే మందు వేడికి పాడవలేదని అర్థం. రెండూ ఒకే రంగుకొస్తే ఆ సీసా వాడరు. అయితే ఆ చదరం వేడిని మాత్రమే పట్టిస్తుంది, గడ్డకట్టిన సంగతి చెప్పదు. టీడీకి గడ్డకట్టడమే పెద్ద చేటు. అందుకే ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాకులు వెంటనే క్యారియర్‌లో పెట్టరు. కాసేపు బయట ఉంచి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ళు కదిలిన చప్పుడు రావాలి. ఇది ఏఎన్ఎం పనే, నువ్వు చెయ్యి పెట్టకు, కానీ కమిటీవాళ్ళకి ఆమె చేతే చూపించు. ఒక్కసారి వాడితే మళ్ళీ పనికిరాకుండా బిగుసుకుపోయే సిరంజీ కూడా చూపించమను. ఇంకోటి: సీసాలో పది డోసులుంటాయి కదా, తెరిచాం కాబట్టి పదిమందిని పట్టుకురండి అని ఎవరైనా తొందరపెడితే వినకు. చల్లగా సరిగ్గా ఉంచితే తెరిచిన టీడీ సీసా 28 రోజుల దాకా వాడతారు.

ఇక ఆ రోజు. నా లెక్కలో వచ్చే ఏడాది ఎన్ని ఇళ్ళు సరే అంటాయో ఈ ఒక్క పూటే తేలుస్తుంది. పాడు చేసేది మందు కాదు, కళ్ళు తిరిగి పడిపోయే పిల్ల. పది నుంచి పదహారేళ్ళ ఆడపిల్లల్లో ఇది మామూలు. భయం, ఖాళీ కడుపు, ఉక్కపోత, ముందు పిల్ల ఏడుపు, ఇవన్నీ కలిస్తే ఒకరు పడతారు, ఒకరిని చూసి ఐదుగురు పడతారు. పదో తరగతి పిల్లలు ట్యూషన్‌కి పరుగెత్తి టిఫిన్ మానేస్తారు. ముందు రోజే చెప్పు, అయినా తినకుండా వచ్చినవాళ్ళకి బళ్ళో ఉన్న రాగిజావో చిక్కీయో పెట్టాకే పిలువు. పరీక్ష రోజు, ఆటల పోటీల రోజు వద్దు.

గదులు మూడు కావాలి. కూర్చునేది ఒకటి, సూది వేసేది ఒకటి, వేశాక అరగంట ఉండేది ఒకటి. వరండాలో వరస కట్టించకు, నలుగురేసి పిలువు. సూది గది కిటికీకి పాత చీర కట్టు. స్టూలు కాదు, వెనక ఆనుకునే కుర్చీ వెయ్యి. బాగా భయపడే పిల్లలని ముందే వేరుగా పిలిచి వేయించెయ్, చివరిదాకా కూర్చోబెడితే భయం ముదురుతుంది. జబ్బకి వేసే సూది కాబట్టి బిగుతు చేతుల చుడీదార్ పైకి రాదు. ముందు రోజే వదులు చేతులది వేసుకు రమ్మను, లేకపోతే పిల్ల సిగ్గుతో వద్దంటుంది, మీరు మొండికేసిందనుకుంటారు. వీలైతే రాయని చేతికి వెయ్యమను.

కళ్ళు తిరిగితే నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు బెంచీ ఎత్తుకి లేపు. ముఖం పాలిపోయి, చల్లటి చెమట పట్టి, నాడి నెమ్మదిగా ఉంటుంది, రెండు మూడు నిమిషాల్లో తేరుకుంటుంది. ఉల్లిపాయ వాసనలు, ముఖాన బిందెడు నీళ్ళు, చుట్టూ గుంపు, ఏవీ వద్దు. మిగతా పిల్లలని వెంటనే బయటికి పంపు, ఫోన్లలో వీడియోలు తియ్యనివ్వకు. తేరుకుంటున్న పిల్లని ఆటోలో వేసుకుని ఊరి మధ్యలోంచి పరుగెత్తారంటే సాయంత్రానికి నాలుగు ఊళ్ళు భయపడతాయి. కానీ వేశాక కొద్ది నిమిషాల్లో దద్దుర్లు, పెదాలో ముఖమో వాయడం, పిల్లికూతలు, వాంతులు, నాడి వేగంగా బలహీనంగా కొట్టడం కనబడితే అది వేరు. చాలా అరుదు, కానీ ఒక్క క్షణం ఆగకూడదు. ఏఎన్ఎం దగ్గర కిట్‌లో ఎడ్రినలిన్ ఉందో లేదో పొద్దున్నే అడుగు, 108కి ఎవరు ఫోన్ చెయ్యాలో ముందే ఒకరికి అప్పజెప్పు.

పంపేముందు పిల్లలకీ ఇళ్ళకీ ఒకే మాట చెప్పు: చెయ్యి నొప్పి, కాస్త వాపు, కొద్దిగా జ్వరం, ఒకటి నుంచి మూడు రోజులు. చల్లటి తడిగుడ్డ వెయ్యచ్చు. బామ్, సున్నం, పసుపు, మర్దనా వద్దు. జ్వరానికి పారాసెట్మాల్, కిలో బరువుకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు: 40 కిలోల పిల్లకి 500 బిళ్ళ ఒకటి, 25 కిలోల పిల్లాడికి అర బిళ్ళ, మళ్ళీ వెయ్యాలంటే ఆరు గంటలాగి. పథ్యం లేదు. వంకాయ, గుడ్డు, చేప అన్నీ తినచ్చు, పులస దొరికితే అదీను. తలంటుకోవచ్చు. ఆ సాయంత్రం వద్దు వద్దంటూ ఒప్పుకున్న ఇళ్ళకి నువ్వే ఫోన్ చేసి "అమ్మాయి ఎలా ఉందండీ" అని అడుగు. రేపు పక్కింటికి చెప్పేది వాళ్ళే.

అప్పటికీ వద్దన్నవాళ్ళని వదిలెయ్. క్లాసులో నిలబెట్టకు, మిగతా పిల్లలు వెక్కిరించకుండా చూడు. బుధవారం, శనివారం టీకాల రోజులు, ఎప్పుడు మనసు మారినా ఏఎన్ఎం దగ్గరికి వెళ్ళచ్చని ఒక్కసారి చెప్పి, నెల తర్వాత మళ్ళీ అటు వెళ్ళు. ఆ రోజు బడికి రాని పిల్లలు వేరు, వాళ్ళని ఈ లెక్కలో కలపకు. వాళ్ళకి కావాల్సింది ఇంకో తేదీ, అంతే.

మీ ఊరి ఎలిమెంటరీ హెడ్మాస్టరుగారికి కూడా ఒక మాట చెప్పు. ఐదో తరగతి అయ్యి హైస్కూలుకి వచ్చే పిల్లలకి టీసీతో పాటు టీకా కార్డు జిరాక్సు జత చేసి పంపమను. లేకపోతే ఎవరికి వేశారో ఎవరికి వెయ్యలేదో మీకు పదో తరగతి దాకా తెలియదు.

ఇట్లు,
మీ అత్త