ఇంట్లోనే ఉండే పిల్లికి ఏ టీకాలు వేయించాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మాది కూకట్‌పల్లిలో ఐదో ఫ్లోర్ ఫ్లాట్. మా ఆఫీసులో ఒకావిడ వాళ్ళింట్లో పిల్లి పిల్లలు పెడితే ఒక ఆడకూనని తెచ్చుకున్నాం, ఇప్పుడు దానికి మూడు నెలలు. గడప దాటదు, బాల్కనీకి కూడా పావురాల నెట్ కట్టించేశాం. టీకాల కోసం తీసుకెళ్తే ట్రైక్యాట్, రేబీస్, ల్యుకేమియా, ఫంగస్ అని నాలుగు రాసిచ్చారు. మావారేమో బయటికే వెళ్ళని పిల్లికి ఇవన్నీ దండగ అంటున్నారు, మా అత్తగారేమో బాబు రోజంతా దాంతోనే ఆడతాడు కదా కనీసం రేబీస్ అన్నా వేయించమంటున్నారు. వీటిల్లో నిజంగా కావాల్సినవి ఏవి?
ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీ అత్తగారి మాట కరెక్టమ్మా, కానీ ఒక్క రేబీస్‌తో ఆగిపోకండి. మీకు రాసిచ్చిన నాలుగింటిలో ట్రైక్యాట్, రేబీస్ ఈ రెండూ పిల్లి బయటికెళ్ళినా వెళ్ళకపోయినా వేయించాల్సినవే. మిగతా రెండింటి సంగతి తర్వాత చెప్తాను, వాటికి అంత తొందర లేదు.

ట్రైక్యాట్ అంటే ఒకే సూదిలో మూడు జబ్బులకి టీకా: పాన్‌ల్యుకోపీనియా, హెర్పిస్, క్యాలిసి. వీటిల్లో నాకు ఎక్కువ భయం మొదటిదంటేనే. కుక్కపిల్లలకొచ్చే పార్వో పేరు మీరు వినే ఉంటారు, ఇది ఆ జాతి వైరసే. ఇది అంటుకోడానికి పిల్లి బయటికి వెళ్ళక్కర్లేదు, మనమే మోసుకొస్తాం. సెల్లార్‌లోనో మెట్ల కిందనో జబ్బున్న వీధిపిల్లి విరేచనం చేసుకుంటుంది, ఎండిపోయాక ఎవరికీ కనపడదు, అక్కడ మన చెప్పు పడుతుంది, ఆ చెప్పులు తెచ్చి తలుపు పక్కన వదిలేస్తాం, కూన వచ్చి వాటి మీద దొర్లి తర్వాత కూర్చుని ఒళ్ళంతా నాక్కుంటుంది, అంతే. పైగా మొండి వైరస్, ఏడాది దాకా కూడా చావకుండా ఉండగలదు.

ఈ జబ్బు పట్టిన కూన ఎలా ఉంటుందో చెప్తాను, మీవారికి కూడా చదివి వినిపించండి. నిన్నటిదాకా కర్టెన్లెక్కిన పిల్ల నీళ్ళగిన్నె ముందుకొచ్చి ముడుచుకుని కూర్చుంటుంది, మూతి గిన్నె అంచు మీద వాల్చేస్తుంది, దాహమేస్తుంది గానీ తాగలేదు. ఆ తర్వాత జ్వరం, పసుపురంగు వాంతులు, విరేచనాలు, రక్తంలో తెల్లకణాలు అడుగంటిపోతాయి. సెలైన్ పెడతాం, వాంతులు ఆగడానికి మందిస్తాం, యాంటీబయాటిక్ వేస్తాం, కానీ ఆ వైరస్‌ని నేరుగా చంపే మందు మా దగ్గర లేదు. టీకా పడని చిన్న కూనల్ని దక్కించుకోవడం చాలా కష్టం. టీకా పడిన కూనల్ని మాత్రం ఈ జబ్బు నుంచి ఆ టీకా చాలా గట్టిగా కాపాడుతుంది, అందుకే దీని విషయంలో ఇండోర్ అవుట్‌డోర్ అనే లెక్క నేను ఒప్పుకోను.

ఇంకోమాట, చాలా ఇళ్ళల్లో రోజూ ఫినాయిల్ వేసి తుడుస్తున్నాం కదా ఏ క్రిమీ ఉండదు అనుకుంటారు. ఫినాయిల్‌కి ఈ వైరస్ చావదు, పైగా ఫినాల్ ఉన్న మందులు పిల్లులకి విషం, తడి నేల మీద నడిచి కాళ్ళు నాక్కుంటాయి కాబట్టి నేరుగా కడుపులోకే పోతుంది. మీ ఇంట్లో వాడుతుంటే ఇవాళే మానేయండి. ఈ వైరస్‌కి పనిచేసేది బ్లీచ్, ఒక వంతు బ్లీచ్‌కి 32 వంతుల నీళ్ళు కలిపి పది నిమిషాలు ఉంచి తర్వాత మంచినీళ్ళతో బాగా కడిగేసి, ఆరాకే పిల్లిని వదలాలి.

హెర్పిస్, క్యాలిసి అనేవి జలుబు లాంటి జబ్బులు: తుమ్ములు, కళ్ళ పుసులు, క్యాలిసి అయితే నాలుక మీద పుళ్ళు పడి తిండి మానేస్తుంది. టీకా వేసినా ఇవి అసలు రావని కాదు, వచ్చినా తేలిగ్గా పోతాయి. హెర్పిస్ ఒకసారి ఒంట్లో చేరితే జీవితాంతం దాక్కునే ఉంటుంది, ఇల్లు మారినా కొత్త మనిషొచ్చినా ఆ ఒత్తిడికి మళ్ళీ బయటపడుతుంది. మీ కూన వేరే ఇంట్లో పుట్టింది కదా, తల్లి దగ్గర్నుంచే తెచ్చుకుని ఉండొచ్చు, ఎప్పుడన్నా తుమ్ములు మొదలైతే టీకా పని చేయలేదని అనుకోకండి.

ఇక ఎప్పుడెప్పుడంటే, ఇప్పుడు మూడు నెలలు కాబట్టి ట్రైక్యాట్ ఒకటి వెంటనే, ఇంకోటి మూడు నాలుగు వారాలాగి, అయితే ఆ రెండోది కూనకి 16 వారాలు నిండాకే పడేట్టు చూసుకోండి. ఎందుకంటే తల్లిపాలతో వచ్చిన రక్షణ కొన్ని కూనల్లో అప్పటిదాకా ఉండిపోయి మనం వేసిన టీకాని పనిచేయనివ్వదు, ఏ కూనలో ఎప్పుడు తగ్గుతుందో పైకి తెలీదు. మీరు పన్నెండు వారాలకే రెండు డోసులూ అయిపోయాయని కార్డు మూసేస్తే లాభం లేదు. ఇదివరకు ఆ తర్వాతది ఏడాదికి వేసేవాళ్ళం, 2024లో ప్రపంచ చిన్న జంతువుల వైద్యుల సంఘం ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో దాన్ని ఆరునెలలకే వేయమన్నారు, 16 వారాలకి కూడా టీకా పట్టని కూన ఏదన్నా ఉంటే ఏడాది దాకా ఖాళీగా ఉండిపోకుండా. నేనూ ఇప్పుడు అదే పాటిస్తున్నాను.

రేబీస్ సంగతి. పిల్లి కరిస్తే రేబీస్ రాదు, అది కుక్కల జబ్బు అని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు, తప్పు, పిల్లి నుంచి కూడా వస్తుంది, లక్షణాలు మొదలయ్యాక మనిషికైనా పిల్లికైనా మందు లేదు. మీ పిల్లి గడప దాటదు నిజమే, కానీ గ్యాస్ సిలిండర్ అబ్బాయి వచ్చినప్పుడో సామాన్లు దించుతున్నప్పుడో తలుపు తీసే ఉంటుంది, బెదిరిన పిల్లి మెట్ల మీదుగా కిందికి దూకి రెండ్రోజులకి గాని దొరకని సందర్భాలు నా దగ్గరికి ఎన్నో వస్తాయి. ఆ రెండ్రోజుల్లో కింద ఏ కుక్క పట్టుకుందో ఏ పిల్లితో కొట్లాడిందో మీకెవరు చెప్తారు? ఇంట్లో చిన్నబాబున్నప్పుడు ఆ అనుమానంతో నెలల తరబడి బతకలేం. అమెరికాలో టెక్సాస్‌లాంటి చోట ఇండోర్ పిల్లికి కూడా 16 వారాల వయసొచ్చేలోపు రేబీస్ టీకా చట్టప్రకారం వేయించాలి, రేబీస్ ఎక్కువున్న మన దేశంలో మనం ఇంకా గట్టిగా ఉండాలి కదా. 12 వారాలు దాటాక ఒకటి, ఏడాదికి ఒకటి, ఆ తర్వాత మన దగ్గర ఏటా వేయించడమే మంచిది. ఖర్చు ఇబ్బందైతే జూలై 6న జూనోసిస్ డేకి (జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల గురించి జరిపే రోజు) ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తుంటారు, పిల్లులకి కూడా ఉందా అని ముందే కనుక్కుని వెళ్ళండి.

ల్యుకేమియా వైరస్ ఒక పిల్లి లాలాజలం నుంచి ఇంకో పిల్లికి పోతుంది, ఒకదాన్నొకటి నాక్కోవడం, కరుచుకోవడం, ఒకే గిన్నెలో తినడం. చెప్పులతో వచ్చేది కాదు, బయట ఎక్కువసేపు బతకదు. మీ కూన పుట్టినింట్లో వేరే పిల్లులుంటే ముందు రెండు చుక్కల రక్తంతో టెస్ట్ చేయించండి. నెగటివ్ వచ్చి, ఇంట్లో ఇదొక్కటే పిల్లి అయితే ఈ టీకా కోసం నేను పట్టుబట్టను. ఇంకో పిల్లిని తెద్దామనుకుంటే మాత్రం ఆ వచ్చేదానికి టెస్ట్ చేయించాకే ఇంట్లో అడుగుపెట్టనివ్వండి, అప్పుడు టీకా గురించి మళ్ళీ మాట్లాడుకోవచ్చు. ఫంగస్ టీకా మీకు అవసరం లేదు. ఎవరన్నా ఎఫ్‌ఐపీకి (పిల్లుల్లో కరోనా జాతి వైరస్ వల్ల వచ్చే ఒక జబ్బు) టీకా ఉంది వేయించమంటే అదీ వద్దు, గైడ్‌లైన్స్‌లో కూడా దాన్ని సిఫార్సు చేయలేదు.

ప్రశ్న: మా మగపిల్లికి ఆరేళ్ళు. చిన్నప్పుడు టీకాలన్నీ అయ్యాయి, మూడేళ్ళ క్రితం దాకా ప్రతి ఏడాదీ వేయించి తర్వాత మానేశాం. సంక్రాంతికి ఊరెళ్తూ బోర్డింగ్‌లో వదలాలి, వాళ్ళు కార్డు అడుగుతున్నారు. మొత్తం మొదట్నుంచి వేయించాలా?
విజయవాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: మొదట్నుంచి అక్కర్లేదండి. చిన్నప్పుడు సరిగ్గా వేయించిన పిల్లికి పాన్‌ల్యుకోపీనియా రక్షణ చాలా ఏళ్ళు ఉంటుంది, ఒంటరిగా ఇంట్లో ఉండే పిల్లికి ట్రైక్యాట్ మూడేళ్ళకోసారి వేయిస్తే చాలు. హెర్పిస్, క్యాలిసి రక్షణ మాత్రం అంతకాలం గట్టిగా ఉండదు, బోర్డింగ్ అంటే పక్కపక్క బోనుల్లో తెలీని పిల్లులు, కొత్త చోటు, భయం, ఆ జబ్బులకి ఇంతకన్నా అనువైన జాగా లేదు. కాబట్టి ఒక ట్రైక్యాట్, రేబీస్ వేయించండి, వెళ్ళే ముందు రోజు కాదు, కనీసం మూడు నాలుగు వారాల ముందు. ఏటా బోర్డింగ్‌లో పెట్టేవాళ్ళు ట్రైక్యాట్ కూడా ఏటా వేయించడం న్యాయమే. చిన్నప్పుడు వేశారో లేదో అసలు తెలీని పెద్దపిల్లి అయితే రెండు నుంచి నాలుగు వారాల తేడాతో రెండు డోసులు వేయించాలి.

టీకా క్లినిక్ ఫ్రిజ్‌లోంచి మీ ముందే తీసి వేయించుకోండి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన వస్తువుని బయట కొని ఎండలో బండి మీద తీసుకెళ్తే దాని మీద నమ్మకం పెట్టుకోలేం. సీసా మీది స్టిక్కర్ పీకి కార్డులో అంటించమనండి, బోర్డింగ్‌వాళ్ళు చూసేది అదే.

ప్రశ్న: మా పిల్లికి రేబీస్ టీకా వేసి రెండు వారాలైంది, వేసినచోట బఠాణీ గింజంత గడ్డ ఉంది. టీకాల వల్ల క్యాన్సర్ వస్తుందని చదివి నిద్ర పట్టట్లేదు.
వరంగల్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: రెండు వారాలకి ఆ సైజు గడ్డ మామూలేనమ్మా, చాలావరకు దానంతటదే కరిగిపోతుంది. మీరు చదివింది అబద్ధం కాదు, సూది వేసినచోట సార్కోమా అనే క్యాన్సర్ పిల్లుల్లో వస్తుంది, కానీ చాలా అరుదు. అవసరం లేని టీకాలు వద్దని నేను అంటున్నది కూడా అందుకే. మూడు గుర్తుపెట్టుకోండి: గడ్డ మూడు నెలలు దాటినా పోకపోయినా, రెండు సెంటీమీటర్లు దాటినా, టీకా వేసిన నెల తర్వాత కూడా పెరుగుతూనే ఉన్నా డాక్టర్‌కి చూపించి ముక్క పరీక్ష చేయించాలి. వారానికోసారి స్కేలు పెట్టి కొలిచి తేదీతో రాసుకోండి, ఊరికే నొక్కి చూడొద్దు. ఈసారి నుంచి భుజాల మధ్య కాకుండా కాలికి కిందిభాగంలో వేయమని అడగండి.

టీకా వేసిన ఒకట్రెండు రోజులు డల్‌గా ఉండటం, కాస్త తక్కువ తినడం మామూలు. మొహం వాచినా, వెంటవెంటనే వాంతులైనా, ఊపిరి కష్టమైనా మాత్రం ఇంట్లో కూర్చోకుండా వెంటనే పరిగెత్తాలి.

ప్రశ్న: టీకాలన్నీ అయిన మా పెంపుడు పిల్లి మా పాప చేతిని గీరింది, రక్తం వచ్చింది. పాపకి ఇంజక్షన్లు అవసరమా?
గుంటూరు నుంచి ఒక తల్లి

జవాబు: ముందు కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి, గడియారం చూసి మరీ. పసుపు, కారం, సున్నం ఏవీ పెట్టొద్దు, కట్టు కట్టొద్దు. తర్వాత అదే రోజు పాపని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళండి, పిల్లి టీకా కార్డు కూడా పట్టుకెళ్ళండి. రక్తం వచ్చిన గీరుడుని డాక్టర్లు తేలిగ్గా తీసుకోరు, పిల్లికి టీకా పడిందన్న ఒక్క కారణంతో పాపకి ఇంజక్షన్ వద్దని మీరు ఇంట్లో నిర్ణయించుకోకండి, అది పాపని చూసే డాక్టర్ చెప్పాల్సిన మాట. ప్రభుత్వాసుపత్రుల్లో ఈ ఇంజక్షన్లు ఉచితమే, చర్మంలోకి వేసే పద్ధతిలో అయితే మొదటి రోజుని సున్నాగా లెక్కపెట్టి 0, 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. పిల్లిని వదిలేయకుండా పది రోజులు ఇంట్లోనే ఉంచి కనిపెట్టండి, తిండి మానేసినా, చొంగ కార్చినా, ప్రవర్తన మారినా పాప డాక్టర్‌కీ పిల్లి డాక్టర్‌కీ ఇద్దరికీ ఫోన్ చేయండి.