రంగస్థలం: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో నడుస్తున్న ఔత్సాహిక నాటక సమాజం. ఇరవై మంది సభ్యులలో ఎక్కువమంది ఉపాధ్యాయులు, ఉద్యోగులు. వచ్చే ఏడాదికి నాలుగు ప్రదర్శనలు ఇవ్వాలని తీర్మానించుకున్నాము. పెద్దలు కన్యాశుల్కం, పాండవోద్యోగం, సత్య హరిశ్చంద్ర ఆడదామంటుంటే, యువకులు నాటక పరిషత్తులు నడిపే పోటీలకు పనికివచ్చే నాటికలు కావాలంటున్నారు. ఎంపిక ఎలా చేసుకోవాలో తెలియజేయగలరు. (ఒక కార్యదర్శి)

జవాబు: అయ్యా, మీ జాబులో నాటకాల పేర్లు చాలా ఉన్నాయి కాని, మీ ఇరవై మందిలో పద్యం పాడగలవారు ఎందరో, స్త్రీ పాత్రలు ధరించేవారు ఎందరో, హార్మోనియం వాయించేవారు మీ ఊళ్లోనే ఉన్నారో లేక పొరుగూరి నుంచి రావాలో ఒక్క మాట కూడా లేదు. నాటకం పేరు అనుకున్న తరువాత మనుషులను వెతుక్కునే సమాజాలు చాలావరకు రెండో ప్రదర్శన దగ్గరే ఆగిపోవడం నేను చూశాను. కాబట్టి ముందు మీ వారి పట్టిక వేసుకోండి, ఆ పట్టికకు తగిన నాటకాలు తరువాత ఎంచుకోవచ్చు.

కన్యాశుల్కాన్ని ఈ ఏడాది పక్కన పెట్టమని నా సలహా. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైన ఆ నాటకాన్ని గురజాడ వారు తరువాత బాగా పెంచి, 1909లో ఏడంకాల నాటకంగా తిరిగి ప్రచురించారు. దానిని పూర్తిగా ఆడాలంటే ఒక సాయంత్రం సరిపోదు. జె.వి. సోమయాజులు, జె.వి. రమణమూర్తి సోదరుల వంటి వారు దానిని కుదించి ఎన్నో ప్రదర్శనలు ఇచ్చారన్నది నిజమే కాని, ఎక్కడ కత్తిరించాలో తెలియడానికి ఆ నాటకంతో ఏళ్ల తరబడి సహవాసం ఉండాలి. కొత్తగా లేస్తున్న సమాజం చేతిలో కత్తెర పడితే ముందుగా పోయేది మధురవాణి మాటలే.

దానికి బదులుగా మొదటి ప్రదర్శనకు కాళ్లకూరి నారాయణరావు గారి వరవిక్రయం తీసుకోండి. పద్యమూ వచనమూ కలిసిన సాంఘిక నాటకం కనుక మీ పెద్దలకూ యువకులకూ అందులో చోటు దొరుకుతుంది. కట్నం కోసం తండ్రి పొలం అమ్ముకోవడం చూడలేక కాళింది బావిలో పడి ప్రాణం తీసుకోవడం, ఆ తరువాత చెల్లెలు కమల అదే పెళ్లికొడుకును చేసుకుని, కొనుక్కున్న భర్త తన ఇంటికే రావాలని పట్టుపట్టడం నేటి ప్రేక్షకులకు కూడా ఎవరూ విప్పి చెప్పనక్కరలేని కథ. సింగరాజు లింగరాజు పాత్రను నవ్వించడానికి మాత్రమే వాడుకోకుండా, అతని పిసినారితనంలోని క్రూరత్వాన్ని చూపగల నటుడు మీలో ఉంటే ఆ నాటకం నిలబడినట్టే. రంగాలంకరణకు పెద్ద ఖర్చు లేదు. ఒక పడకకుర్చీ, ఒక చెక్కపెట్టె, తులసికోట ఉంటే ఇల్లు కనిపిస్తుంది.

రెండవ ప్రదర్శన నవంబరు 14న పిల్లలతో చేయించండి. మూడవదిగా యువకులు కోరిన గంట నిడివి నాటికను మార్చి 27న, ప్రపంచ రంగస్థల దినోత్సవం నాడు పెట్టి, అదే నాటికను పరిషత్తులకు తీసుకువెళ్లవచ్చు. ఏడాదికి కేంద్రంగా నిలవవలసినది మాత్రం పద్య నాటకమే. పాట, మాట, అభినయం కలిసిన రంగస్థల రూపాలలో మన జనం ఇప్పటికీ నేలమీద చాపలు పరుచుకుని కూర్చుని వినేది అదే. దానిని ఏప్రిల్ 16కు, అంటే కందుకూరి వీరేశలింగం గారి జయంతిని తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకునే రోజుకు ఉంచుకుంటే, వానాకాలం నుంచి మొదలుపెట్టిన రిహార్సల్స్‌కు తగినంత వ్యవధి ఉంటుంది.

అయితే రాత్రంతా సాగే పూర్తి నాటకానికి పూనుకోవద్దు. మీ పెద్దలు కోరిన సత్య హరిశ్చంద్ర తీసుకుంటే, అందులో వారణాసి, కాటి సీను రెండూ చాలు. కాంట్రాక్టు నాటకాల పద్ధతిలో పేరున్న గాయక నటులను పిలిపించి, ఒకే పాత్రను ఇద్దరు ముగ్గురికి పంచి, ఒన్స్ మోర్ల కోసం కథను ఆపివేయడం కూడా మీకు వద్దు. ఆ పద్ధతిలో గొప్ప గొంతులు విన్నామన్నది కాదనను. కాని మీ ఊరివాళ్లు మీ సమాజం వైపు చూసేది తమ బడిపంతులు హరిశ్చంద్రుడు కావడం కోసం.

చిన్నప్పుడు మా ఊరి బడి వరండాలో చూసిన కాటి సీను నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. చనిపోయిన లోహితాస్యుడిగా పడుకున్న పిల్లవాడి పొట్ట ఊపిరికి పైకీ కిందికీ కదులుతోంది. చంద్రమతి వేషంలో ఉన్నావిడ పద్యం ఆపకుండానే ముందుకు వంగి, తన చెంగు తీసి ఆ పిల్లవాడి మీద కప్పింది. ముందు వరుసలో కూర్చున్న మా అమ్మమ్మ అప్పుడు ఏడ్చింది. నటి చేసింది ఒక లోపాన్ని కప్పడమే అయినా, మాకు కనిపించింది మాత్రం బిడ్డకు చలి వేస్తుందేమోనని కప్పిన తల్లి. మీ రిహార్సల్స్‌లో రాగాలకు ఎంత సమయం ఇస్తారో, పాత్రధారులు ఒకరినొకరు గమనించుకోవడానికి కూడా అంత సమయం ఇవ్వండి.

ప్రశ్న: మా సమాజం వారు నన్ను చంద్రమతి వేషం వేయమంటున్నారు. నాకు గొంతు ఉంది కాని సంగీతం నేర్చుకోలేదు. పద్యాలు పాడగలనా? (ఒక ఉపాధ్యాయిని)

జవాబు: తప్పక పాడగలరమ్మా. ముందు పద్యాన్ని రాగం లేకుండా, మీ తరగతి పిల్లలకు అర్థం చెబుతున్నట్టుగా పది రోజులు చదవండి. ఉత్పలమాలలో పదవ అక్షరం, చంపకమాలలో పదకొండవ అక్షరం యతిస్థానాలు, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరవలసిన చోట్లు. చాలామంది అక్కడికి రాగానే అలవాటుగా ఊపిరి తీసుకుంటారు. మాట మధ్యలో ఊపిరి తీస్తే అర్థం విరిగిపోతుంది కనుక, విరుపు అర్థాన్ని బట్టి పెట్టుకోండి. తరువాత హార్మోనిస్టు దగ్గర కూర్చుని మీ గొంతుకు హాయిగా ఉండే శ్రుతిని నిర్ణయించుకోండి. హరిశ్చంద్రుడి శ్రుతికి మిమ్మల్ని లాగనివ్వకండి. ఆలాపన తక్కువైనా ఫరవాలేదు, చివరి పాదంలోని ప్రతి అక్షరం ఆఖరి వరుసకు వినిపించాలి.

ప్రశ్న: పాత నాటకాలకు టిక్కెట్టు పెట్టి ఆడితే ఎవరి అనుమతి తీసుకోవాలి? (మరొక పాఠకుడు)

జవాబు: రచయిత మరణించిన తరువాత అరవై ఏళ్ల వరకు హక్కులు ఉంటాయి. కాళ్లకూరి వారు 1927లోను, సత్య హరిశ్చంద్ర రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు 1953లోను మరణించారు కనుక ఆ నాటకాలకు అనుమతి అక్కరలేదు. ఔత్సాహిక సమాజం టిక్కెట్టు లేకుండా ఉచితంగా ప్రదర్శిస్తే, హక్కులున్న రచనకైనా 1957 నాటి కాపీరైటు చట్టం మినహాయింపు ఇస్తోంది.

అయితే ఒక సంగతి చాలామంది గమనించరు. కాటి సీనులో పాడుతూ వస్తున్న శ్మశానవాటి పద్యాలు బలిజేపల్లి వారివి కావు, గుర్రం జాషువా గారివి. జాషువా గారు 1971లో మరణించారు కనుక వాటి మీద హక్కులు 2031 చివరి వరకు ఉంటాయి. టిక్కెట్టు పెట్టేటట్లయితే వారి వారసుల అనుమతి తీసుకోండి. పెట్టకపోయినా, తెర లేవకముందే ఆ పద్యాలు ఎవరివో మైకులో చెప్పించండి.