లినక్స్‌లో రూట్ పార్టీషన్ (సిస్టమ్ ఫైళ్లు ఉండే డిస్క్ భాగం) నిండిపోయింది, ఫైళ్లు తీసేసినా ఖాళీ కావట్లేదు. ఫార్మాట్ ఒక్కటే దారా?

కాదు. ఫార్మాట్ మాటే ఎత్తకండి. సినిమాలు, డౌన్‌లోడ్లు అన్నీ తీసేశానని రాశారు. మీ సొంత ఫైళ్లు ఉండే హోమ్ ఫోల్డర్ వేరే పార్టీషన్‌లో ఉంటే అక్కడ ఎంత తీసినా రూట్‌కి ఒక్క ఎంబీ కూడా కలిసిరాదు.

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర మా మావయ్యకి ఫొటో స్టూడియో ఉంది. అక్కడ పనంతా ఉబుంటు లినక్స్ మీదే. పైడితల్లమ్మ జాతరలో సిరిమానుకి ముందు రోజైన తొలేళ్ల రోజు, సిరిమాను చూడ్డానికి వచ్చిన జనంతో ఊరు కిక్కిరిసి ఉంది, ఆల్బమ్‌ల కోసం పెళ్లివాళ్లు షాపులో కూర్చున్నారు. సిస్టమ్ చూస్తే లాగిన్ దాటట్లేదు. పాస్‌వర్డ్ కొడితే తెర ఒకసారి నల్లబడి, మళ్లీ పాస్‌వర్డే అడుగుతోంది. సర్వీసు కుర్రాడు ఫార్మాట్ కొట్టాల్సిందే అని చెప్పి వెళ్లిపోయాడు. "ఏట్రా, ఫొటోలుగాని పోతాయేటి?" అని మావయ్య ఒకటే టెన్షన్.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి టెక్స్ట్ లాగిన్‌లోకి వెళ్లాను. ఏ పార్టీషన్ ఎంత నిండిందో చూపే డీఎఫ్ మైనస్ హెచ్ (df -h) కొడితే 40 జీబీ రూట్ మొత్తం నిండి ఉంది. ఫోల్డర్ల సైజు లెక్కేసే డీయూకి (du) వేరే పార్టీషన్లలోకి పోకుండా మైనస్ ఎక్స్ తగిలించి, సుడోతో (అడ్మిన్ అధికారంతో) రూట్ ఒక్కదాన్నే లెక్కేయిస్తే 11 జీబీ కూడా తేలలేదు. ఇంత తేడా ఉంటే ముందు నా అనుమానం, డిలీట్ చేసినా ఏదో ప్రోగ్రామ్ ఇంకా పట్టుకుని కూర్చున్న ఫైల్ మీదకి పోతుంది. అలాంటి ఫైళ్లని చూపడానికి ఎల్ఎస్ఓఎఫ్ ప్లస్ ఎల్1 (lsof +L1) చాలు. అందులో ఏమీ లేదు.

అప్పుడు బ్యాకప్ డిస్క్‌ని అన్‌మౌంట్ చేసి (అది తగిలించి ఉన్న ఫోల్డర్ నుంచి విడదీసి), ఖాళీగా ఉండాల్సిన ఆ ఫోల్డర్‌లో ఏముందో చూడ్డానికి ఎల్ఎస్ (ls) కొట్టాను. పెళ్లి ఫోల్డర్లన్నీ వరసగా దిగాయి! కరెంటు పోయి వచ్చినప్పుడు ఎక్స్‌టర్నల్ డిస్క్ మౌంట్ కాలేదు. రాత్రి నడిచే బ్యాకప్ స్క్రిప్ట్ అది చూసుకోకుండా ఫొటోలన్నీ రూట్‌లోనే పోసింది. తర్వాత డిస్క్ దాని మీద మౌంట్ అయ్యేసరికి అవి కింద దాక్కుండిపోయాయి. మౌంట్ అయి ఉన్నంతసేపూ డీయూకి అవి కనబడవు.

వెంటనే తుడిచేయలేదు. డిస్క్‌ని వేరే చోట మౌంట్ చేసి, ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్‌తో (rsync) అన్నీ అందులోకి ఎక్కించి, సరిచూసుకున్నాకే తీశాను. అదే సాయంత్రం మావయ్య ఆల్బమ్‌లు ఇచ్చి పంపేశాడు.

నాకు ఒళ్లు మండేది ఈ ఫార్మాట్ వైద్యం చూస్తేనే. పేదవాడికి ఆ ఫొటోలే ఆస్తి, అడిగేవాడు లేడని తుడిచేస్తారా? యూట్యూబ్‌లో వార్ లాగ్ (/var/log, సిస్టమ్ లాగ్‌లు ఉండే ఫోల్డర్) మొత్తం లేపేయమనే వీడియోలూ అంతే. అందులో ఉండే సిస్టమ్‌డీ జర్నల్ (సిస్టమ్ రాసుకునే లాగ్), సెట్టింగ్ మార్చకపోతే, ఆ పార్టీషన్‌లో పదో వంతు, అదీ 4 జీబీ దాటి పెరగదు. మీ 50 జీబీ రూట్‌ని అదొక్కటే మింగే మాటే లేదు.

మీరు కూడా ముందు డీఎఫ్, డీయూ లెక్కలు పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ దగ్గరగా ఉంటే డీయూ చూపించిన పెద్ద ఫోల్డర్ వెంటపడండి; పాత స్నాప్‌లు (ఉబుంటు యాప్ ప్యాకేజీలు), పాత కెర్నల్స్ (లినక్స్ మూల భాగం పాత వెర్షన్లు), డాకర్ ఇమేజ్‌లు అక్కడే దొరుకుతాయి. చోటు ఉన్నా ఫైల్ సేవ్ కాకపోతే డీఎఫ్ మైనస్ ఐ (df -i) కొట్టండి, ఐనోడ్లు (ఒక్కో ఫైల్‌కి ఒకటి చొప్పున కావాల్సిన ఎంట్రీలు) అయిపోయి ఉండొచ్చు. బ్యాకప్ స్క్రిప్ట్ ఉంటే మాత్రం దాని మొదటి లైన్‌లోనే డిస్క్ మౌంట్ అయి ఉందో లేదో చూసే మౌంట్‌పాయింట్ మైనస్ క్యూ (mountpoint -q) చెక్ పెట్టి, డిస్క్ లేకపోతే అక్కడే ఆగిపోయేలా రాయండి. మావయ్య సిస్టమ్‌లో ఆ రాత్రే పెట్టాను.